టోక్యోకి పదమూడు గంటలు

హెల్సింకీ నుంచి టోక్యోకి ఎంత దూరం? భూమి గుండ్రంగా ఉందనీ, దాని వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లనీ అనుకుని, రెండు ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, ఇంటర్ లో చదివి మర్చిపోయిన త్రికోణమితిని కాస్త దుమ్ము దులిపితే చాలు. నేను పది లైన్ల ప్రోగ్రాం రాసి చూశాను. హెల్సింకీ-వంటా విమానాశ్రయం నుంచి నరిటా విమానాశ్రయానికి సుమారు 7,825 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకి తొమ్మిదొందల కిలోమీటర్లు పోతుందనుకుంటే ఎనిమిదిన్నర, తొమ్మిది గంటలు. ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయం కలుపుకుంటే తొమ్మిదిన్నర. ఇంతవరకూ ఏ గొడవా లేదు.

గొడవల్లా ఏంటంటే, ఫిన్లాండ్ వాళ్ళ ఫిన్ఎయిర్ 1983లో ఈ రెండు ఊళ్ళ మధ్య మొదటిసారి ఎక్కడా ఆగకుండా విమానం నడిపినప్పుడు పట్టిన సమయం సుమారు 13 గంటలు. 2019లో తొమ్మిదిన్నర, పది మధ్య. 2022 మార్చిలో మళ్ళీ 13! ఊళ్ళు కదల్లేదు. భూమి ఉబ్బలేదు. విమానాలు పాతబడలేదు సరికదా, 1983 నాటి డీసీ-10 పక్కన ఇప్పటి ఏ350ని పెడితే మా తాతగారి అంబాసిడర్ పక్కన కొత్త కారుని పెట్టినట్టుంటుంది. అయినా నలభై ఏళ్ళ ప్రగతి ఒక్క వారంలో చెరిగిపోయింది. ఎలాగో చూద్దాం రండి.

ముందు బడిలో గోడకి వేలాడే ప్రపంచ పటాన్ని మర్చిపోండి. ఓ బత్తాయి పండు తీసుకోండి. పై భాగంలో ఓ చుక్క పెట్టండి, అది ఫిన్లాండ్. పండుని ఓ మూడో వంతు తిప్పి, కొంచెం కిందగా ఇంకో చుక్క పెట్టండి, అది జపాన్. రెంటి మధ్యా దారం బిగించి లాగితే అది అడ్డంగా పోదు, పైకి వంగి తొడిమ వైపుగా పోతుంది. నిజం భూమి మీద ఆ దారం కింద ఉండేది దాదాపు అంతా ఒక్క దేశమే. ఫిన్లాండ్ సరిహద్దు దాటిన దగ్గర్నుంచి జపాన్ సముద్రం దాకా రష్యా, రష్యా, ఇంకా రష్యా. 1991 ముందు దాని పేరు సోవియట్ యూనియన్.

ఇక్కడ కాస్త చట్టం తెలుసుకోవాలి. 1944లో షికాగోలో దేశాలన్నీ కూర్చుని విమానయానానికి ఓ ఒప్పందం రాసుకున్నాయి. అందులో మొదటి అధికరణమే ఇది: ప్రతి దేశానికీ తన నేల మీది ఆకాశంపై సంపూర్ణ అధికారం ఉంటుంది. సముద్రంలో ఓడలకి ఉన్నంత స్వేచ్ఛ ఆకాశంలో విమానాలకి లేదన్నమాట. దీన్ని సడలించడానికి అక్కడే ఇంకో చిన్న ఒప్పందం చేశారు. దాని మీద సంతకం పెట్టిన దేశాలు ఒకరి మీంచి ఇంకొకరు దిగకుండా దాటిపోవచ్చు. మన దేశం అందులో ఉంది. సోవియట్ యూనియన్ మాత్రం అసలు షికాగో సమావేశానికే రాలేదు. దాని వారసురాలు రష్యా ఆ రెండో ఒప్పందంలో ఇప్పటికీ చేరలేదు. ప్రపంచంలోకెల్లా ఎక్కువ నేల ఉన్న దేశం, యూరప్ కీ తూర్పు ఆసియాకీ సరిగ్గా మధ్యలో కూర్చుని, "నా నెత్తి మీంచి పోవాలంటే నన్నడగాలి" అంది. కోపం వస్తే రావచ్చుగానీ, చట్టం ప్రకారం అందులో తప్పేం లేదు.

అడిగితే ఒప్పుకోరు కాబట్టి 1950లలో యూరప్ నుంచి టోక్యోకి దక్షిణం దారే గతి. మధ్యప్రాచ్యం, కరాచీ, కలకత్తా, బ్యాంకాక్, హాంకాంగ్... ఇలా పాసింజర్ రైల్లా ఆగుతూ పోవాలి. స్కాండినేవియా వాళ్ళ ఎస్ఏఎస్ సంస్థకి కోపెన్ హాగెన్ నుంచి ఇలా యాభై గంటల దాకా పట్టేది. కుడిపక్కనుంచి పోతే ఇంత తిప్పట, ఎడమపక్కనుంచి పోతే ఇంకా తిప్పట. మరి పైనుంచి పోతే?

ఉత్తర ధ్రువం మీంచి అన్నమాట. మాట అనుకోవడం తేలికే, దారి తెలియాలిగా. అక్కడ దిక్సూచి పనిచెయ్యదు. భూమి అయస్కాంత ధ్రువం దగ్గర్లో ఉండటంతో ముల్లు తాగినవాడిలా ఊగుతుంది. సరే, అసలు ఉత్తరాన్ని పట్టుకుని పోదామంటే రేఖాంశాలన్నీ అక్కడ ఒక్క బిందువులో కలుస్తాయి. సరిగ్గా ధ్రువం మీద నిలబడితే ఎటు చూసినా దక్షిణమే! విమానం తిన్నగా పోతున్నా, దాటే ప్రతి రేఖాంశానికీ "నేను పోతున్న దిక్కు" అనే అంకె మారిపోతూ ఉంటుంది. ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. మీ కోఆర్డినేట్ సిస్టమ్ కి ఒక చోట సింగులారిటీ ఉంది, మీరేమో సరిగ్గా దాని మీంచి పోవాలి. ఏం చేస్తారు? కోఆర్డినేట్ సిస్టమే మారుస్తారు. వాళ్ళూ అదే చేశారు. ధ్రువం చుట్టూ పటం మీద గళ్ళనోటు పుస్తకంలా చదరాలు గీశారు. గ్రీనిచ్ రేఖకి సమాంతరంగా పైకి పోయే గీతలన్నిటినీ "ఉత్తరం" అని పిలుద్దాం అనుకున్నారు. అది అబద్ధపు ఉత్తరమే, కానీ మారని ఉత్తరం. ఆ దిక్కుని గంటలతరబడి తప్పకుండా పట్టుకుని ఉండటానికి పోలార్ పాత్ జైరో అనే పరికరం చేయించారు. ఎండా చీకటీ కాని సంధ్యవేళ, అటు నక్షత్రాలూ ఇటు సూర్యుడూ కనపడని సమయాల్లో, ఆకాశపు వెలుతురులోని పోలరైజేషన్ ని బట్టి సూర్యుడు ఏ పక్కన ఉన్నాడో చెప్పే స్కై కంపాస్ ని కూడా వాడారు. ఈ పనిలో ఎస్ఏఎస్ ముఖ్య నావిగేటర్ ఐనార్ స్వెరె పెడర్సన్ అనే నార్వే ఆయనది పెద్ద చెయ్యి.

1954లో ఇదే విద్యతో కోపెన్ హాగెన్ నుంచి లాస్ ఏంజెల్స్ కి దారి వేశారు. 1957 ఫిబ్రవరి 24న కోపెన్ హాగెన్ నుంచి ఒక డీసీ-7సి, టోక్యో నుంచి ఇంకో డీసీ-7సి బయల్దేరి ధ్రువ ప్రాంతంలో ఒకదానికొకటి ఎదురొచ్చాయి. మధ్యలో ఒక్క మజిలీ, అలాస్కాలోని యాంకరేజ్. యాభై గంటల ప్రయాణం ముప్ఫైరెండుకి తగ్గింది. ఇంజన్లు మార్చి సాధించింది కాదిది, పటం మార్చి సాధించింది. నాకైతే విమానయాన చరిత్రలో రైట్ సోదరుల తర్వాత చెప్పుకోవాల్సింది ఈ ముచ్చటేననిపిస్తుంది (అతిశయోక్తి అని తెలుసు, అయినా సరే).

తర్వాత ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎమ్, జపాన్ ఎయిర్ లైన్స్ అందరూ వరసగా అదే దారి పట్టారు. ఏ మూలో మంచులో ఉన్న యాంకరేజ్ కాస్తా ప్రపంచానికి బెజవాడ జంక్షన్ అయిపోయింది. అర్ధరాత్రీ అపరాత్రీ అని లేకుండా యూరప్ పోయే జపాన్ వాళ్ళూ, జపాన్ పోయే యూరప్ వాళ్ళూ గంటా గంటన్నర అక్కడ దిగి కాళ్ళు చాపుకునేవాళ్ళు. గాజు పెట్టెలో నిలబెట్టిన ధ్రువపు ఎలుగుబంటి ఒకటి, జపాన్ భాష మాట్లాడే అమ్మాయిలున్న డ్యూటీఫ్రీ దుకాణాలు, వేడివేడి ఉడాన్ నూడుల్స్ కొట్టు. ఆ తరం జపాన్ వాళ్ళకి యూరప్ ప్రయాణం అంటే ఐఫిల్ టవర్ కంటే ముందు యాంకరేజ్ ఉడాన్ గుర్తొస్తుందట. కాజీపేటలోనో బెజవాడలోనో అర్ధరాత్రి రైలు దిగి టీ తాగినవాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈ దారికి ఇంకో ముఖం కూడా ఉంది. అది అంత సరదాగా ఉండదు. 1978 ఏప్రిల్ 20న కొరియన్ ఎయిర్ లైన్స్ 902 విమానం ప్యారిస్ నుంచి యాంకరేజ్ మీదుగా సియోల్ కి బయల్దేరింది. బోయింగ్ 707, అందులో 109 మంది. ధ్రువ ప్రాంతం దాకా బాగానే పోయి, అక్కడ పెద్ద వంపు తిరిగి దాదాపు వెనక్కి, సోవియట్ యూనియన్ లోని ముర్మాన్స్క్ వైపు పోయింది. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మధ్య తేడాని కలపాల్సిన చోట తీసేశారని, అంటే ప్లస్ గుర్తు బదులు మైనస్ పడిందని ఎక్కువగా చెప్పే వివరణ. సోవియట్ యుద్ధవిమానం క్షిపణి పేల్చింది. రెక్క ముక్క ఊడింది. పైలట్ ఆ విమానాన్ని తక్కువ ఎత్తులో తిప్పి తిప్పి చివరికి గడ్డకట్టిన ఓ చెరువు మీద దింపాడు. ఇద్దరు చనిపోయారు, 107 మంది బతికారు. మనం కూడా రోజూ సైన్ ఎర్రర్లు చేస్తూనే ఉంటాం. టెస్టింగ్ లో దొరుకుతాయి, నాలుక్కరుచుకుని సరిచేసి టీ తాగడానికి పోతాం.

1983 దగ్గరికి వద్దాం. ఫిన్లాండ్ కథ చిత్రమైనది. సోవియట్ యూనియన్ తో వెయ్యి కిలోమీటర్లకి పైగా సరిహద్దు ఉన్న పొరుగు దేశం. 1948లో స్నేహ ఒప్పందం కూడా చేసుకుంది. పెద్దాయనకి కోపం రాకుండా ఆచితూచి బతికింది. అయినా సైబీరియా మీంచి టోక్యోకి దారి మాత్రం ఇవ్వలేదు. సరేలెమ్మని ఫిన్ఎయిర్ వాళ్ళు అదనపు ఇంధన ట్యాంకు ఉన్న డీసీ-10 తీసుకుని 1983 ఏప్రిల్ 22న హెల్సింకీ నుంచి తిన్నగా పైకి పోయారు. ఉత్తర ధ్రువం దాటారు. అలాస్కాకీ రష్యాకీ మధ్యనున్న బేరింగ్ జలసంధి సందులోంచి కిందకి దిగి, కమ్చాట్కాని తప్పించుకుంటూ టోక్యో చేరారు. యాంకరేజ్ లో ఆగలేదు. పశ్చిమ యూరప్ నుంచి జపాన్ కి ఎక్కడా ఆగకుండా పోయిన మొదటి సర్వీసు అదే. ఇదే దారిని నా ప్రోగ్రాంలో పెడితే ఎంత పొదుపుగా తిప్పినా 11 వేల కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూగా వస్తోంది. అంటే తిన్నని దారికన్నా నలభై శాతం ఎక్కువ. ధ్రువం దాటామని ప్రయాణికులందరికీ ఓ సర్టిఫికెట్టు కూడా చేతిలో పెట్టేవారు.

ఆ సర్వీసు మొదలై ఐదు నెలలు కూడా నిండకుండానే, అదే మూలలో ఘోరం జరిగింది. 1983 సెప్టెంబర్ 1న న్యూయార్క్ నుంచి యాంకరేజ్ మీదుగా సియోల్ పోతున్న కొరియన్ ఎయిర్ లైన్స్ 007ని సఖాలిన్ ద్వీపం దగ్గర సోవియట్ యుద్ధవిమానం కూల్చేసింది. 269 మంది, ఒక్కరూ మిగల్లేదు. విమానం అప్పటికి తన దారికి ఐదొందల కిలోమీటర్ల పైచిలుకు పక్కకి పోయి ఉంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1993లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆటోపైలట్ హెడింగ్ మోడ్ లోనే ఉండిపోయి ఉండాలి, లేదా అసలు దారి పట్టుకునే మోడ్ కి మార్చేసరికే విమానం దారికి మరీ దూరమైపోయి ఉండాలి. ఎలాగైనా ఒక మీట సంగతి. గంటలతరబడి ఆ తేడాని ఎవరూ గమనించలేదు. తప్పు మోడ్ లో ఉండటం నేరం కాదు. దానికి మరణశిక్ష వేసినవాళ్ళది నేరం. కాకపోతే డిజైన్ చేసేవాళ్ళు ఈ రెంటినీ కలిపి గుర్తుపెట్టుకోవాలి. ఆ నెలలోనే అమెరికా అధ్యక్షుడు రీగన్, సైన్యం కోసం కడుతున్న జీపీఎస్ ని పూర్తయ్యాక మామూలు జనానికి కూడా ఉచితంగా ఇస్తామని ప్రకటించాడు. ఇవాళ మీ ఫోన్లో "రెండొందల మీటర్ల తర్వాత ఎడమకి తిరగండి" అనే గొంతు వెనక ఆ 269 మంది ఉన్నారు.

అన్నట్టు, సోవియట్ ఆకాశం అందరికీ పూర్తిగా మూసుకుని లేదు. డబ్బులకి కిటికీ తెరిచేవారు. 1967లో ఏరోఫ్లోట్, జపాన్ ఎయిర్ లైన్స్ కలిసి మాస్కో-టోక్యో మధ్య సర్వీసు మొదలెట్టాయి. విమానం టీయూ-114, బాంబర్ నుంచి పుట్టిన ప్రొపెల్లర్ భూతం. దాని మీద జపాన్ కొంగ గుర్తు, లోపల జపాన్ అమ్మాయిలు, నడిపేది రష్యా పైలట్లు. 1970లో జపాన్ వాళ్ళకి సొంత విమానాలతో మాస్కోలో ఆగి యూరప్ పోయే వీలు దొరికింది. సోవియట్ యూనియన్ కూలాక 1990లలో ఈ కిటికీ కాస్తా ద్వారబంధమైంది. వరసగా విమానాలన్నీ ఆగకుండా సైబీరియా మీంచి పోవడం మొదలెట్టాయి. యాంకరేజ్ లో ఉడాన్ కొట్టుకి బేరం పోయింది (ఆ ఊరు తర్వాత సరుకు విమానాలతో బాగుపడిందిలెండి). టోల్ గేటు మాత్రం ఉండనే ఉంది. సైబీరియా దాటే ప్రతి సంస్థా డబ్బు కట్టాలి, అందులో పెద్ద భాగం తమకి పోటీదారైన ఏరోఫ్లోట్ కే. యూరప్ సంస్థలు కట్టేది ఏటా వందల మిలియన్ యూరోల్లో ఉండేది. 2006లో దీన్ని మెల్లిమెల్లిగా ఎత్తేస్తామని ఒప్పందం కుదిరింది. కుదిరిందంతే, పూర్తిగా అమలు కాలేదు.

ఇప్పుడు ఫిన్ఎయిర్ వాళ్ళ తెలివి చూడండి, నాకు భలే నచ్చుతుంది. యాభై ఐదు లక్షల జనాభా ఉన్న దేశం. సొంత ప్రయాణికులతో పెద్ద విమానాలు నిండవు. కానీ బత్తాయి మీది దారాన్ని గుర్తు తెచ్చుకోండి. యూరప్ లో ఏ ఊరినుంచి జపాన్, కొరియా, చైనాలకి దారం లాగినా అది ఫిన్లాండ్ పక్కనుంచే పోతుంది. కాబట్టి హెల్సింకీలో ఓసారి దిగి మారినా దారి పెద్దగా పెరగదు. రెండోది ఇంకా గొప్పది. పోవడానికి తొమ్మిదిన్నర గంటలు, రావడానికి పది, మధ్యలో శుభ్రం చేసి ఇంధనం నింపడానికి కొంత. మొత్తం ఇరవైనాలుగు గంటల్లోపే! అంటే ఒక్క విమానంతో రోజూ ఒక సర్వీసు, అదే టైముకి, నడపొచ్చు. లండన్ నుంచో ప్యారిస్ నుంచో పన్నెండు గంటలు పోయేవాళ్ళకి అది కుదరదు, రెండో విమానం కావాలి. ఈ లెక్క మీదే వాళ్ళు ఏ350లు కొన్నారు, జపాన్ లో ఊరూరా దిగారు. హెల్సింకీ విమానాశ్రయాన్ని దాదాపు వంద కోట్ల యూరోలు పెట్టి పెంచారు.

ఒంటిస్తంభం మేడ అన్నమాట. మేడ అందంగా ఉంది, గాలి బాగా వస్తోంది. ఆ స్తంభం మాత్రం పక్కింటివాడి స్థలంలో ఉంది.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదకి పోయింది. 27న యూరోపియన్ యూనియన్ తన ఆకాశాన్ని రష్యా విమానాలకి మూసేసింది. 28న రష్యా 36 దేశాలకి తన ఆకాశం మూసేసింది. పది రోజులు తిరక్కుండా, మార్చి 9న, ఫిన్ఎయిర్ విమానం హెల్సింకీ నుంచి మళ్ళీ టోక్యోకి బయల్దేరింది. ఎటు? తిన్నగా పైకి. ధ్రువం మీంచి, బేరింగ్ సందులోంచి. 13 గంటలు. పాత ఫైలు దుమ్ము దులిపి తీసినట్టు 1983 నాటి దారే. గాలుల్ని బట్టి కొన్ని రోజులు దక్షిణంగా కాకసస్, కజకస్తాన్, చైనా మీంచి తిరిగేవారు, ఎటైనా దాదాపు అంతే సమయం. ధ్రువం దాటినందుకు సర్టిఫికెట్టు ఇవ్వడం కూడా మళ్ళీ మొదలెట్టారు!

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమీ లేదా అంటే ఉంది. డీసీ-10కి మూడు ఇంజన్లు, ఏ350కి రెండే. ఒకటి ఆగిపోతే రెండోదానితో ఐదు గంటలు పోయైనా ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలమని ముందే అనుమతి తెచ్చుకుని ఉండాలి. ఫిన్ఎయిర్ దగ్గర అదృష్టవశాత్తూ ఆ కాగితం ఉంది. ఇంకోటి ఇంధనం. మామూలుగా వాడే జెట్ ఏ-1 మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది. ధ్రువం మీద బయటి గాలి అంతకన్నా చల్లగా ఉండొచ్చు. ట్యాంకు మరీ చల్లబడుతుంటే కిందకి దిగడమో, వేగం పెంచడమో, దారి మార్చడమో చెయ్యాలి. ఇవన్నీ ఇంజనీర్లు పరిష్కరించిన సమస్యలే. పరిష్కారం లేనిది ఇరవైనాలుగు గంటల లెక్కకి. పదమూడూ పదమూడూ ఇరవైఆరు. ఒక్క విమానంతో అయ్యే పని ఇప్పుడు ఒకదానితో కాదు. పైగా ఒక్కో ట్రిప్పుకీ ఎక్కువ ఇంధనం, ఎక్కువమంది పైలట్లు. ఖాళీ అయిన విమానాల్లో రెండు ఏ330లని 2023లో సిబ్బందితో సహా ఆస్ట్రేలియా వాళ్ళ క్వాంటస్ కి అద్దెకిచ్చారు. సైబీరియా మీద తిరగాల్సినవి సిడ్నీ-సింగపూర్ మధ్య తిరిగాయి.

టెక్నాలజీ దూరాల్ని చంపేస్తుందని మా ఆఫీసులో ప్రతి ప్రెజెంటేషన్ లోనూ ఎవడో ఒకడు అంటాడు. నాకు ఆ మాట మీద ఎప్పుడూ అనుమానమే. టెక్నాలజీ వేగాన్ని ఇస్తుంది. దారిని ఇచ్చేది మాత్రం పొరుగువాడు.

ఇదంతా ఎక్కడో ఫిన్లాండ్ గొడవ, మనకెందుకు అంటారా? అమెరికాలో పిల్లలున్న ఇళ్ళలో ఇది బాగానే తెలుసు. 2022లో అమెరికా సంస్థలు రష్యా మీంచి పోలేక ఢిల్లీ, ముంబయి సర్వీసులు కొన్ని ఆపేస్తే, మన ఎయిర్ ఇండియా మాత్రం రష్యా మీంచే పోయింది. గంటలు కలిసొచ్చాయి, అమెరికా వాళ్ళు ఇది అన్యాయమన్నారు. 2023 జూన్ లో ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో పోతున్న ఎయిర్ ఇండియా విమానానికి ఇంజన్ ఇబ్బంది వచ్చి రష్యా తూర్పు చివర మగదాన్ లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఆంక్షల్లో ఉన్న దేశంలో, చిన్న ఊళ్ళో, బడుల్లో నేల మీద పరుపులేసుకుని పడుకున్నారు. ఎయిర్ ఇండియా వేరే విమానం పంపాక గానీ బయటపడలేదు. అడ్డదారి ఖరీదు ఒక్కోసారి అలా బయటపడుతుంది.

మన పక్కింటి సంగతీ అంతే. 2019 ఫిబ్రవరి 27 నుంచి జూలై 16 దాకా పాకిస్తాన్ తన ఆకాశాన్ని మూసింది. అప్పట్లో ఢిల్లీ నుంచి ఇస్తాంబుల్ పోయే ఇండిగో విమానం ఇంధనం కోసం దోహాలో దిగి పోవాల్సొచ్చింది. పహల్గాం దాడి తర్వాత, 2025 ఏప్రిల్ 24న, మన విమానాలకి మళ్ళీ మూసింది. మనమూ వాళ్ళకి మూశాం. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా పోయే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని వియన్నాలోనో కోపెన్ హాగెన్ లోనో ఆగి ఇంధనం పోయించుకుని పోవడం మొదలెట్టాయి. 1957లో ధ్రువం దారి కనిపెట్టి, మధ్యలో ఆగే ఊళ్ళని ఒక్కటికి తగ్గించుకున్న ఆ కోపెన్ హాగెనే.